కరెంటు వాడితే గాలికేం అయితది? బొగ్గు, బూడిద, ఎండల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కరెంటు, పెట్రోలు, వంట గ్యాసు, వీటి గురించి పదే పదే వచ్చే ప్రశ్నలకి జవాబులు ఒక్కచోట రాసి పెడుతున్నా. ఎక్కువ భాగం బొగ్గు కరెంటు గురించే ఉంటది, ఎందుకంటే తెలంగాణలో ఆంధ్రలో మన ఇంటికొచ్చే కరెంటులో పెద్ద వాటా దానిదే, పైగా దాని పొగ అందరికీ పోతది గానీ బూడిద మాత్రం కొన్ని ఊళ్ళకే మిగులుతది, ఆ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మన ఇంట్లో కరెంటు అసలు ఎక్కడ నుంచి వస్తది?

తెలంగాణ అయితే రామగుండం, పాల్వంచలోని కేటీపీఎస్, మణుగూరు దగ్గర భద్రాద్రి, జైపూర్ లో సింగరేణి వాళ్ళ ప్లాంటు, ఇప్పుడు దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి. ఆంధ్ర అయితే ఇబ్రహీంపట్నంలో వీటీపీఎస్, ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ, కృష్ణపట్నం, పరవాడ దగ్గర సింహాద్రి. ఇవన్నీ బొగ్గువే. వీటికి తోడు శ్రీశైలం, సాగర్ జల విద్యుత్తు, కర్నూలు అనంతపురం వైపు సోలారు, గాలిమరలు. కానీ గ్రిడ్ లో అన్నీ కలిసిపోతాయి కాబట్టి నా ఇంటికి సాగర్ కరెంటే వస్తుందని ఎవరూ చెప్పలేరు. శ్రీశైలంలో నీళ్ళు లేని ఏడాది ఆ లోటు కూడా బొగ్గే పూడుస్తది.

ఒక యూనిట్ కి ఎంత బొగ్గు కాలుతది?

సుమారు 700 గ్రాములు. ప్లాంటు పాతదైతే కాస్త ఎక్కువ, ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ వేడి మీద ఆవిరి చేసే కొత్త సూపర్ క్రిటికల్ ది అయితే కాస్త తక్కువ. మన బొగ్గులో బూడిద చాలా ఎక్కువ, 30 నుంచి 45 శాతం దాకా ఉంటది, అంటే ఒక్క యూనిట్ కి పావు కేజీ బూడిద మిగులుతది అనుకోండి. నెలకి 200 యూనిట్లు వాడే ఇంటికి, ఆ కరెంటు మొత్తం బొగ్గుదే అనుకుంటే, 140 కేజీల బొగ్గు, దాదాపు 50 కేజీల బూడిద. ప్రతి నెలా ఒక సిమెంటు బస్తా బరువున్న బూడిద మన పేరు మీద ఎవరో ఒకళ్ళ ఊరి దగ్గర మిగులుతుందన్నమాట, మన బిల్లు మీద మాత్రం ఆ లెక్క ఉండదు.

700 గ్రాముల బొగ్గు కాలిస్తే దాదాపు కేజీ కార్బన్ డయాక్సైడ్ వస్తుందంటారు, అదెట్లా? బరువు పెరుగుతదా?

పెరుగుతది, ఇందులో మాయేం లేదు. బొగ్గులో ఉన్న కార్బన్ గాల్లో ఉన్న ఆక్సిజన్ తో కలుస్తది, 12 గ్రాముల కార్బన్ 32 గ్రాముల ఆక్సిజన్ ని పట్టుకుని 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అవుతది. అందుకే బయటికొచ్చే గ్యాసు బొగ్గులోని కార్బన్ కంటే మూడున్నర రెట్లకి పైగా బరువుంటది. బొగ్గు ప్లాంటు లెక్క యూనిట్ కి 950 గ్రాముల దగ్గర ఉంటది, జల విద్యుత్తు సోలారు అణు విద్యుత్తు అన్నీ కలిపి దేశం మొత్తం గ్రిడ్ సగటు తీస్తే 700 గ్రాముల పైచిలుకు. కింద లెక్కల్లో నేను యూనిట్ కి ఈ 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లెక్కే వాడతాను.

కాల్చిన బొగ్గు వేడి అంతా కరెంటుగా మారుతదా?

లేదు, ఇదే చాలామందికి తెలియని విషయం. వందలో 35 నుంచి 40 వంతులే కరెంటు అవుతది, మిగతాది కూలింగ్ టవర్ నుంచి, చిమ్నీ నుంచి గాల్లోకి, నీళ్ళల్లోకి పోతది. ఆ వేడి తీయడానికే అన్ని నీళ్ళు కావాలి. 2015 డిసెంబర్ లో కేంద్ర పర్యావరణ శాఖ పెట్టిన రూలు ప్రకారం కూలింగ్ టవర్ ఉన్న పాత ప్లాంటు యూనిట్ కి 3.5 లీటర్లు దాటకూడదు. యూనిట్ కి మూడున్నర లీటర్లే కదా అనిపిస్తది గానీ, రోజుకి కోట్ల యూనిట్లు చేసే ప్లాంటుకి అదెంత అవుతుందో లెక్కేయండి. కేటీపీఎస్ కోసమే కిన్నెరసాని మీద డ్యామ్ కట్టారు, ఇబ్రహీంపట్నం ప్లాంటుకి కృష్ణ నీళ్ళు, సింహాద్రి అయితే చల్లబరచడానికి సముద్రం నీళ్ళు వాడుకుంటది.

కూలింగ్ టవర్ నుంచి తెల్లగా వచ్చేది విషమా?

కాదు, అది నీటి ఆవిరి. డమరుకంలాగా నడుము సన్నగా ఉన్న లావు టవర్లని చూసి జనం భయపడతారు గానీ, చూడాల్సింది పక్కన సన్నగా ఎత్తుగా ఉన్న చిమ్నీని. దాంట్లోంచి వచ్చేది చాలాసార్లు కంటికి కనబడదు కూడా, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ కి రంగు లేదు, సల్ఫర్ డయాక్సైడ్ కీ లేదు. బూడిద పొడిని ఈఎస్పీ అనే మెషిన్ కరెంటు చార్జ్ తో పట్టేస్తది, అది సరిగ్గా పనిచేస్తే 99 శాతం పైనే పడుతది. అది పాడైన రోజు చుట్టుపక్కల మేడల మీద ఆరేసిన బట్టలు చూస్తే తెలిసిపోతది.

సల్ఫర్ సంగతేంటి? రూల్స్ ఉన్నాయి కదా?

ఉన్నాయి, 2015 డిసెంబర్ లోనే వచ్చాయి, రెండేళ్ళలో అమలు చేయమన్నారు. తర్వాత గడువు పొడిగిస్తూనే పోయారు. చివరికి 2025 జూలైలో కేంద్రం ఇచ్చిన కొత్త నోటిఫికేషన్ తో దేశంలో బొగ్గు ప్లాంట్లలో కరెంటు పుట్టించే యూనిట్లలో నాలుగింట మూడొంతుల పైగా వాటికి సల్ఫర్ ని కడిగే ఎఫ్‌జీడీ పెట్టనక్కర్లేదని మినహాయింపు వచ్చింది, ఢిల్లీ ప్రాంతానికి గానీ పది లక్షల జనాభా దాటిన నగరాలకి గానీ పది కిలోమీటర్ల లోపు ఉన్నవి మాత్రం తప్పకుండా పెట్టాలి. మన బొగ్గులో సల్ఫర్ తక్కువే, ఎఫ్‌జీడీ పెడితే ఖర్చు పెరుగుతది, అదనంగా కరెంటు తింటది, సున్నపురాయి తవ్వాలి అన్నది సర్కారు వాదన. సల్ఫర్ శాతం తక్కువన్నది నిజమే. కానీ కాల్చే బొగ్గు అంత ఎక్కువైనప్పుడు శాతం తక్కువైతే ఏం లాభం, పైగా ఆ గ్యాసు గాల్లో కెమికల్ రియాక్షన్ అయ్యి సన్నటి సల్ఫేట్ కణాలుగా మారి వందల కిలోమీటర్లు పోతది, ఊపిరితిత్తుల లోపలికి దిగేది అదే. పట్నానికి పది కిలోమీటర్ల లోపు ఉన్నోళ్ళ ఊపిరికి ఒక రూలు, మండల కేంద్రంలో ఉన్నోళ్ళ ఊపిరికి ఇంకో రూలు ఉండటం నాకు ఏ కోణంలో చూసినా సరైందిగా అనిపించదు.

బూడిద ఏం చేస్తారు?

రెండు రకాల బూడిద ఉంటది. బాయిలర్ అడుగున పడే బరువు బూడిదని నీళ్ళతో కలిపి పైపుల్లో బూడిద చెరువుకి పంపుతారు, పైకి లేచే సన్న బూడిదని ఈఎస్పీ దగ్గర పట్టి సైలో అనే ఎత్తైన గాదెలో నింపుతారు, దాన్ని సిమెంటు కంపెనీలు తీసుకుంటాయి. బూడిద కలిపి చేసే పీపీసీ రకం సిమెంటు బస్తాలో మూడో వంతు దాకా ఈ బూడిదే ఉండొచ్చు. ఇటుకలకి, రోడ్ల కట్టలకి, తవ్వేసిన గనులు పూడ్చడానికి కూడా వాడతారు. ఇది మంచి పనే, ఎందుకంటే అంత మేర సిమెంటు కోసం సున్నపురాయి కాల్చే పని తగ్గుతది, మట్టి ఇటుకల కోసం పొలం పై మట్టి తీసే పని తగ్గుతది.

1999 నుంచి బూడిద వాడకం మీద నోటిఫికేషన్లు వస్తున్నాయి, 2021 డిసెంబర్ 31 నాటిది అయితే వంద శాతం వాడాల్సిందే, లేకపోతే ఫైన్ అని చెప్పింది. కాగితం మీద లెక్కలు ఇప్పుడు బాగానే ఉన్నాయి. కానీ పాత చెరువుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న బూడిద ఉంది, ఎండాకాలం పైన తడి ఆరిపోతే గాలికి లేచి పక్క ఊళ్ళ మీద పడుతది, మిరప ఆకు మీద, మామిడి పూత మీద, నీళ్ళ బిందెల్లో. బూడిద లారీ పైన పట్టా సరిగ్గా కట్టకపోతే రోడ్డు పొడుగునా అదే. ఇక కట్ట తెగితే ఎంత ప్రమాదమో 2020 ఏప్రిల్ లో మధ్యప్రదేశ్ సింగ్రౌలిలో చూశాం, బూడిద బురద ఇళ్ళ మీదికి పొలాల మీదికి వచ్చి చిన్నపిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. బూడిదలో ఆర్సెనిక్, సీసం, పాదరసం లాంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి కాబట్టి చెరువు అడుగున లైనింగ్ లేకపోతే అవి బోరు నీళ్ళల్లోకి దిగే అవకాశం ఉంటది. చెరువు పక్కన బోరు ఉన్నోళ్ళు నీళ్ళు టెస్ట్ చేయించుకోవటం మంచిది.

గని దగ్గర ఏం జరుగుతది?

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871 లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ కనిపెట్టాడు, 1889 లో తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి చాలాకాలం భూగర్భ గనులే, మనుషులు బాయిలోకి దిగి తట్టలతో తీశారు. ఇప్పుడు సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్ కాస్ట్ నుంచే, అంటే నేల పైనుంచి తవ్వుకుంటూ పోయే గనుల నుంచే. ఖర్చు తక్కువ, మనుషుల ప్రాణాలకి ప్రమాదం తక్కువ, ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ ఒక టన్ను బొగ్గు కోసం దాని మీద ఉన్న కొన్ని టన్నుల మట్టి, రాయి తీసి పక్కన ఓబీ గుట్టలుగా పోస్తారు, ఊళ్ళు లేస్తాయి, వాగులు దారి మళ్ళుతాయి, బావుల్లో నీళ్ళు అడుగంటుతాయి, బ్లాస్టింగ్ కి గోడలు పగుళ్ళిస్తాయి. గోదావరిఖని, మణుగూరు, సత్తుపల్లి చుట్టుపక్కల ఎవర్ని అడిగినా ఈ మాటే చెప్తారు.

అలాగని రేపే గని మూసేయమని నేను అనను. సింగరేణి మీద దాదాపు 40 వేల మంది పర్మినెంట్ కార్మికులు, వాళ్ళకి తోడు కాంట్రాక్టు వాళ్ళు, వాళ్ళ మీద ఆధారపడ్డ కొత్తగూడెం, బెల్లంపల్లి లాంటి ఊళ్ళకి ఊళ్ళు ఉన్నాయి. బెల్లంపల్లిలో గనులు మూతబడ్డాక ఆ ఊరు ఎంత కుదేలైందో చూసినవాళ్ళు ఉన్నారు. బొగ్గు తగ్గించే ప్లాన్ అంటే ఆ ఇళ్ళల్లో పిల్లలకి ఏ పని చూపిస్తారో అది కూడా ముందే రాసి ఉండాలి.

ఇదంతా లోకల్ కాలుష్యం. మరి భూమి వేడెక్కడం ఎట్లా?

కార్బన్ డయాక్సైడ్ భూమి చుట్టూ ఒక దుప్పటిలాగా పనిచేస్తది. ఎండ లోపలికి వస్తది, భూమి వేడెక్కి ఆ వేడిని తిరిగి పైకి పంపుతది, ఆ పోయే వేడిని ఈ గ్యాసు కొంత ఆపుతది. అసలు దుప్పటే లేకపోతే భూమి గడ్డకట్టిపోయేది, సమస్యల్లా దాన్ని మనం మందంగా చేస్తూ పోవటం. రెండు వందల యాభై ఏళ్ళ కింద, బొగ్గు ఇంజన్లు పెరగక ముందు, గాల్లో పది లక్షల వంతులకి 280 వంతులు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 1958 లో చార్లెస్ కీలింగ్ హవాయిలో మౌనా లోవా కొండ మీద కొలవటం మొదలుపెట్టినప్పుడు 315. ఇప్పుడు 420 దాటింది. వదిలినదాంట్లో సగం దాకా సముద్రాలు, అడవులు పీల్చుకుంటాయి, మిగతాదాంట్లో కొంత వందల ఏళ్ళు, ఇంకొంత వేల ఏళ్ళు గాల్లోనే ఉంటది. అంటే మన ముత్తాతల కాలంలో వేరే దేశాల్లో కాల్చిన బొగ్గు తాలూకు గ్యాసు కూడా ఇంకా పైన ఉంది.

2024 లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక కాలానికి ముందుతో పోలిస్తే ఒకటిన్నర డిగ్రీ పైకి పోయిందని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది.

ఒకటిన్నర డిగ్రీ అంటే ఏమంత? మనకి 45 డిగ్రీలు అలవాటే కదా

సగటు వేరు, ఒక రోజు ఎండ వేరు. సగటు కొంచెం జరిగితే అంచున ఉండే విపరీతమైన రోజులు చాలా పెరుగుతాయి. 2015 మే నెలలో వడగాడ్పులకి ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి ఎంతో పైనే చనిపోయారు, అందులో ఎక్కువమంది బయట పనిచేసే కూలీలు, ముసలోళ్ళు. ఏసీలో కూర్చున్నోళ్ళకి అలవాటే అనిపిస్తది, ఉపాధి హామీ పనికి పోయేవాళ్ళకి, ట్రాక్టర్ కి ఇటుక మోసేవాళ్ళకి అలవాటుతో గండం గడవదు.

ఇంకోటి, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అందుకే వాన పడ్డప్పుడు ఒక్కసారే కుమ్మరించే అవకాశం పెరుగుతది. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ముంచాయి కదా, దానికి పూర్తిగా వాతావరణ మార్పే కారణం అనేయటం కరెక్టు కాదు, బుడమేరు కట్టకి గండ్లు, వాగుల్లో ఆక్రమణలు అన్నీ ఉన్నాయి. కానీ అంత వాన అంత తక్కువ టైంలో పడటం మున్ముందు పెరుగుతదని మాత్రం సైన్సు గట్టిగానే చెప్తుంది.

ఓజోన్ పొరకి రంధ్రం పడటం, ఇదీ ఒకటేనా?

కాదు, చాలామంది కలిపేస్తారు. ఓజోన్ ని పాడు చేసినవి ఫ్రిజ్, ఏసీ, స్ప్రేలలో వాడిన సీఎఫ్‌సీ గ్యాసులు. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత వాటిని తగ్గించారు, పొర నెమ్మదిగా కోలుకుంటుంది. దేశాలన్నీ కలిస్తే పని అవుతదని చెప్పటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఏసీ వల్ల రెండు రకాల నష్టం అంటారు, నిజమా?

నిజం. ఒకటి అది తినే కరెంటు. రెండోది లోపలి గ్యాసు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఒక కేజీ లీకైతే దాదాపు 1800 కేజీల కార్బన్ డయాక్సైడ్ తో సమానం, పైగా ఓజోన్ కి కూడా చేటు. ఇప్పుడొచ్చే ఆర్-32 ఓజోన్ ని ఏం చేయదు, వేడెక్కించే శక్తి మాత్రం కార్బన్ డయాక్సైడ్ కి దాదాపు 675 రెట్లు ఉంటది, పాతదానికంటే మెరుగే గానీ హాని లేనిది కాదు. అందుకే ఏడాదికోసారి గ్యాస్ కొట్టిద్దాం అనుకునే బదులు లీకు ఎక్కడుందో పట్టించి అతికించమని మెకానిక్ ని గట్టిగా అడగండి. మంచిగున్న ఏసీకి గ్యాసు అసలు తగ్గకూడదు.

ఏసీని 24 డిగ్రీల మీద పెట్టమని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్ళు చెప్పేది ఊరికే కాదు, ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతది. దానికి తోడు సీలింగ్ ఫ్యాన్ తిప్పితే 26 కూడా హాయిగానే ఉంటది. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటది, తక్కువ కరెంటు తినే మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర్లో ఆగుతది, రోజంతా ఫ్యాన్ తిరిగే మన ఇళ్ళల్లో ముందు మార్చాల్సింది అదే అని నా అభిప్రాయం.

ఎలక్ట్రిక్ స్కూటర్ కూడా బొగ్గు కరెంటే కదా, ఏం లాభం?

లెక్కేద్దాం. పెట్రోల్ స్కూటర్ లీటర్ కి 45 ఇస్తే 100 కిలోమీటర్లకి 2.2 లీటర్లు, లీటర్ కి 2.3 కేజీల చొప్పున 5 కేజీల కార్బన్ డయాక్సైడ్. ఎలక్ట్రిక్ ది 100 కిలోమీటర్లకి 3 యూనిట్లు తింటే, గ్రిడ్ సగటున 2 కేజీల పైచిలుకు, చార్జింగ్ లో లైన్లలో పోయేది కూడా కలిపితే ఇంకొంచెం. అంటే బొగ్గే ఎక్కువున్న ఇప్పటి గ్రిడ్ కరెంటుతో కూడా సగం దగ్గర ఉంటది, గ్రిడ్ బాగుపడేకొద్దీ ఇంకా తగ్గుతది. ఊళ్ళో పొగ అసలే ఉండదు. దీనికంటే మంచిది నిండుగా పోయే ఆర్టీసీ బస్సు, మెట్రో.

గ్యాస్ పొయ్యి మంచిదా ఇండక్షన్ మంచిదా?

ఇక్కడ జవాబు చాలామంది అనుకున్నట్టు ఉండదు. 14.2 కేజీల సిలిండర్ మొత్తం కాలితే 42 కేజీల కార్బన్ డయాక్సైడ్. అదే వంట ఇండక్షన్ మీద చేస్తే 145 యూనిట్ల దాకా కావాలి, ఇప్పటి గ్రిడ్ లెక్కన 100 కేజీలు. కాబట్టి ఒక్క కార్బన్ చూస్తే ఈరోజుకి గ్యాసే తక్కువ. మేడ మీద సోలారు ఉండి పగటి పూట వంట చేసుకునేవాళ్ళకి ఇండక్షన్ చాలా మంచిది.

కట్టెల పొయ్యి మాత్రం ఎవరికీ వద్దు. చెట్టు మళ్ళీ పెరుగుతది కదా అని వాదిస్తారు గానీ, ఆ పొగ పీల్చేది అమ్మలు, పొయ్యి పక్కన కూర్చున్న పసిపిల్లలు. 1999 లో దీపం పథకం, 2016 లో ఉజ్వల వచ్చి చాలా ఇళ్ళకి సిలిండర్ ఇచ్చాయి, రీఫిల్ కి డబ్బు లేక మళ్ళీ కట్టెలకి పోయే ఇళ్ళు ఏజెన్సీ ఊళ్ళల్లో ఇంకా ఉన్నాయి. వాళ్ళు సబ్సిడీ గ్యాసు కాలిస్తే పర్యావరణం పాడవుతుందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

రైతుల ఉచిత కరెంటు వల్లే ఇదంతా అంటారు, నిజమేనా?

సగం మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2004 లో ఉచిత కరెంటు వచ్చింది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు అన్నారు. బోర్లు ఎక్కువైనయి, నీళ్ళు లోతుకి పోయినయి, లోతు పెరిగేకొద్దీ అదే ఎకరానికి ఎక్కువ కరెంటు కావాలి, ఇది నిజం. కానీ కాల్వ నీళ్ళు రాని చోట బోరు తప్ప ఇంకో దారి లేని రైతుని దోషిని చేయటం అన్యాయం. చేయాల్సింది ఏంటంటే వ్యవసాయానికి కరెంటు పగలే ఇవ్వటం, ఎందుకంటే పగలు సోలారు దండిగా ఉంటది, రాత్రి పూట ఇస్తే ఎక్కువగా బొగ్గే కాల్చాలి. రాత్రి పొలానికి పోయి పాములకి, షాకులకి ప్రాణాలు పోగొట్టుకునే బాధ కూడా తప్పుతది.

చెట్లు నాటితే సరిపోదా?

నాటాలి, నీడకి, వానకి, పక్షులకి. కానీ ఎదిగిన ఒక చెట్టు ఏడాదికి 20 కేజీల దాకా కార్బన్ డయాక్సైడ్ పీలుస్తదని మామూలుగా వేసే లెక్క. నెలకి 200 యూనిట్ల ఇల్లు ఏడాదికి 1680 కేజీలు వదులుతది. ఒక్క ఇంటి కరెంటుకే ఎనభైకి పైగా ఎదిగిన చెట్లు కావాలి, బండి, వంట గ్యాసు ఇంకా లెక్కలోకి రాలేదు.

మరి అంతా సోలారు చేసేయొచ్చు కదా?

చాలావరకు చేయొచ్చు, అంతా అంటే కొన్ని చిక్కులున్నాయి. కర్నూలు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కుకి దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. రామగుండంలో రిజర్వాయర్ నీళ్ళ మీదే 100 మెగావాట్ల తేలే ప్యానెళ్ళు పెట్టారు, 2022 లో పూర్తయింది, భూమి పోదు, నీళ్ళు ఆవిరయ్యేది కూడా తగ్గుతది, ఇట్లాంటివి ఇంకా రావాలి. పెద్ద చిక్కు సాయంత్రం ఆరు తర్వాత, ఎండ పోతది, అప్పుడే అందరూ లైట్లు, టీవీలు, ఏసీలు వేస్తారు. దానికి ఒక మందు పగటి సోలారుతో నీళ్ళు పై రిజర్వాయర్ కి ఎక్కించి సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీయటం, శ్రీశైలం ఎడమ గట్టు ప్లాంటులో ఆ రివర్సిబుల్ టర్బైన్లు ముందు నుంచీ ఉన్నాయి, ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్లది కట్టారు. ఇంటి మీదికైతే 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ ఉంది, ఒక కిలోవాట్ మన ఎండకి రోజుకి 4 యూనిట్ల దాకా ఇస్తది. అద్దెకుండేవాళ్ళకి, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి ఇది అంత తేలిగ్గా దొరకదు, ఆ లోటు సర్కారు చూడాలి.

ఇండియా తగ్గించుకుంటే ఏం లాభం, అమెరికా ఎక్కువ కదా వదిలేది?

తలసరి చూస్తే నిజమే, మనది ఏడాదికి రెండు టన్నుల దగ్గర, అమెరికాలో పద్నాలుగు టన్నుల దగ్గర. వాళ్ళు ముందు తగ్గించాలి, డబ్బు కూడా పెట్టాలి, ఈ డిమాండ్ న్యాయమైనది. కానీ పాల్వంచ గాలి, ఇబ్రహీంపట్నం బూడిద, సత్తుపల్లి దుమ్ము అమెరికా తగ్గిస్తే తగ్గవు, అవి మనం తగ్గిస్తేనే తగ్గుతాయి.

మా ఊరి పక్కన థర్మల్ ప్లాంటో ఓపెన్ కాస్టో వస్తుందంట, ప్రజాభిప్రాయ సేకరణ పెడతారంట, ఏం అడగాలి?

2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి, రిపోర్టు కలెక్టరేట్ లో, జిల్లా పరిషత్ లో, పొల్యూషన్ బోర్డు ఆఫీసులో చూడటానికి పెట్టాలి, సభకి కలెక్టర్ గానీ ఆయన తరఫు అధికారి గానీ రావాలి, మొత్తం వీడియో తీయాలి. నోటితో చెప్పింది వదిలేస్తారేమో అన్న భయం ఉంటే రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేలలో థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు పోరాడారు, 2010 జూలై 14 న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, తర్వాత ఆ ప్లాంటు రాలేదు. అంతదాకా పోకుండా మొదట్లోనే అడగాల్సినవి అడగాలి.

నీళ్ళు ఎక్కడి నుంచి, ఎండాకాలం మా సాగు నీళ్ళకి కోత పడదా? బూడిద చెరువు ఎక్కడ, అడుగున లైనింగ్ వేస్తారా, మా ఊరి బోర్లు ఎన్ని నెలలకోసారి టెస్ట్ చేసి రిజల్ట్ పంచాయతీలో అతికిస్తారు? ఎఫ్‌జీడీ ఉంటదా ఉండదా? బూడిద లారీలు మా స్కూలు ముందు నుంచి పోతాయా, వేరే రోడ్డు వేస్తారా? గని అయితే మూసేటప్పుడు ఆ గొయ్యి పూడుస్తారా, దానికి డబ్బు ఎక్కడ డిపాజిట్ చేశారు? భూమి లేని కూలీలకి, కౌలు రైతులకి పరిహారం ఉందా? రిపోర్టు ఇంగ్లీషులో వందల పేజీలు ఉంటది, దాని సారాంశం తెలుగులో ఇవ్వాలని రూల్ లోనే ఉంది, సభ కంటే ముందే అది అడిగి తీసుకుని ఊళ్ళో నలుగురు కూర్చుని చదవండి.